పెళ్లిపత్రిక మీది ముద్దుబొమ్మకు వయసెంత?

2025 వేసవిలో ఒక పెళ్లిపత్రిక నా ఫోనుకు వచ్చింది. సుగ్గికి పోయిన కుటుంబాలు గుంటూరు వైపు నుంచి తిరిగొచ్చి మా ఊళ్లు మళ్లీ నిండిన రోజులవి. కాగితం పత్రిక కాదు, వాట్సాప్‌లో పంపుకునే బొమ్మ పత్రిక. అరటిబోదెల పందిరి, బంతిపూల తోరణం, మధ్యలో ఇద్దరు బొమ్మ దంపతులు. ఇద్దరికీ ఒళ్లు ఎంతుందో తలకాయ అంతకంటే పెద్దది. పెళ్లికూతురి ముఖంలో సగం కళ్లే. ఆ కళ్లలో రెండు తెల్లని మెరుపులు. బుగ్గల మీద గులాబీ రంగు చుక్కలు. ముక్కు లేదు. నోరుండాల్సిన చోట సన్నని చిన్న గీత. చేతులు పిండిముద్దల్లా ఉన్నాయి, వేళ్లు లేవు. చూడగానే "ఎంత ముద్దుగా ఉందో!" అని పైకే అన్నాను. పక్కనున్న మా కార్యకర్తకు చూపించాను కూడా. ఆమె ఫోను చేతిలోకి తీసుకుని కాసేపు చూసి, "అక్కా, పేరు చదివినావా?" అంది.

అప్పుడు చదివాను. కౌతాళం మండలంలో మేం సాయంత్రం బడి నడిపే ఒక ఊరి అమ్మాయి. తొమ్మిదో తరగతి సగంలో ఆపేసి అమ్మానాన్నలతో మిరపకాయలు కోయడానికి పోయిన పిల్ల. మా రిజిస్టరు ప్రకారం ఆమెకు పదిహేనేళ్లు నిండి నాలుగు నెలలు.

పెళ్లి సంగతి ముందే చెప్పేస్తాను, లేకపోతే చదివేవాళ్ల మనసు దాని మీదే ఉంటుంది. ఆ పెళ్లి ఆగింది. అంగన్‌వాడీ టీచరు, ఆ ఊరి సంఘంలోని ఇద్దరు ఆడవాళ్లు, మేము కలిసి మూడుసార్లు ఆ ఇంటికి పోయాం. అధికారులొచ్చి కాగితం మీద సంతకాలు తీసుకున్నారు. పిల్ల తండ్రి మాతో నెలరోజులు మాట్లాడలేదు. మగపెళ్లివాళ్లకు పెట్టిన ఖర్చు గురించి ఇప్పటికీ పంచాయితీ నడుస్తూనే ఉంది. ఇవన్నీ మన పనిలో మామూలుగా జరిగేవే, మీకు కొత్త కాదు.

నన్ను ఇప్పటికీ వదలనిది ఆ రెండు నిమిషాలు. బాల్యవివాహాల మీద ఇన్నేళ్లు పనిచేసిన మనిషిని, ఊరూరా మీటింగులు పెట్టిన మనిషిని, చేతిలో ఒక బాల్యవివాహ పత్రిక పట్టుకుని ముద్దుగా ఉందని మెచ్చుకున్నాను. ఎందుకు గుర్తుపట్టలేకపోయాను? అదే ఫోటో పెట్టిన పత్రిక అయితే పట్టేసేదాన్ని. పసిముఖం, చీరలో నిలవని భుజాలు, చూడగానే తెలిసిపోతాయి. బొమ్మలో ఆ ఆధారం లేదు. ముప్పైయేళ్ల పెళ్లికూతురిని గీసినా ఆ ముఖమే, పదిహేనేళ్ల పిల్లను గీసినా ఆ ముఖమే. అందరూ పసిపిల్లలైపోయిన చోట నిజమైన పసిపిల్ల ఎవరికీ కనబడదు.

మా వైపు తెలియనివాళ్ల కోసం ఒక మాట. కౌతాళం కర్నూలు జిల్లా పడమటి కొసన, కర్ణాటకకు ఆనుకుని ఉంటుంది. తెలుగూ కన్నడమూ కలిసిపోయిన నేల. ఖాదర్‌లింగస్వామి దర్గా, కాస్త దూరంలో ఉరుకుంద ఈరన్న గుడి, తుంగభద్ర దిగువ కాలువ, ఆ కాలువ నీళ్లు అందని ఎర్ర, నల్ల చేలు. వానమీద పండే పంట చేతికొచ్చినా రాకపోయినా దీపావళి తర్వాత కుటుంబాలకు కుటుంబాలే లారీలెక్కి పత్తి తీయడానికి, మిరపకాయలు కోయడానికి పోతాయి. దాన్నే సుగ్గి అంటారు. కన్నడంలో కోతల కాలానికీ, కోతల పండగకూ ఉన్న పేరది. మా దగ్గరకొచ్చేసరికి పండగ పోయి వలస మిగిలింది. సుగ్గినుంచి వచ్చిన డబ్బు చేతిలో ఉండగానే పెళ్లిళ్లు చేసేస్తారు. వయసొచ్చిన పిల్లను పరాయి జిల్లాలో డేరాల కింద పెట్టుకుని పడుకోవాలంటే తల్లికి భయం. ఆ భయాన్ని నేను ఎగతాళి చేయను. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 20 నుంచి 24 ఏళ్ల స్త్రీలలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయిపోయింది. దేశం మొత్తం మీద అది 23.3 శాతం.

ఇక ఆ బొమ్మ సంగతి. అది ఎక్కడినుంచి వచ్చిందో తెలుసుకోవాలనిపించింది. ఫ్లెక్సీలు, పత్రికలు చేసే కుర్రవాడినొకడిని ఆదోనిలో అడిగాను. "చిబి అంటారు మేడం, జపాన్ స్టైలు. ఇప్పుడు అందరూ ఇదే అడుగుతాండారు" అన్నాడు. చిబి అంటే జపాన్ భాషలో పొట్టివాడు, బుడతడు, కాస్త వెక్కిరింపుగా అనే మాట. మామూలు మనిషిని గీసేటప్పుడు తలకు ఏడెనిమిది రెట్లు ఎత్తు వేస్తారు. చిబిలో రెండు మూడు తలల ఎత్తే. తలా కళ్లూ పెంచి మిగతా ఒళ్లంతా కుదించేస్తారు. పసిపిల్లల రూపం కూడా అదే కదా. గుండ్రటి తల, పెద్ద కళ్లు, ఉబ్బిన బుగ్గలు కనిపిస్తే మనిషికి తెలియకుండానే లాలించాలనిపిస్తుందని కొన్రాడ్ లోరెంజ్ అనే శాస్త్రజ్ఞుడు 1943లోనే రాశాడు. ఆ కిటుకు తెలిసిన వ్యాపారం అప్పటినుంచీ దాన్ని వాడుకుంటూనే ఉంది.

మన పిల్లలకు ఈ రూపం టీవీ ద్వారా వచ్చింది. డోరేమాన్, షిన్‌చాన్ తెలుగులో మాట్లాడుతూ మా ఊళ్ల గుడిసెల్లోకి కూడా వచ్చేశారు. షిన్‌చాన్ ఆడవాళ్ల వెంటపడి మాట్లాడే మాటల మీద తల్లిదండ్రులు గొడవ చేస్తే 2008లో కేంద్రం ఆ కార్యక్రమాన్ని ఆపించింది, తర్వాత కత్తిరింపులతో మళ్లీ వచ్చింది. డోరేమాన్‌లో షిజుకా చదువుకునే పిల్ల, మంచి పిల్ల. ఆమె స్నానం చేస్తుంటే నోబిటా హఠాత్తుగా అక్కడ ఊడిపడటం అందులో పదేపదే వచ్చే నవ్వులాట. ఆ నవ్వు పిల్లలకు ఏం నేర్పుతుందో మనం ఎప్పుడైనా కూర్చుని మాట్లాడుకున్నామా? ఒకప్పుడు సినిమా పోస్టర్ల మీద తారు పూసిన వాళ్లం మనం. స్త్రీలను అసభ్యంగా చూపడాన్ని నిషేధించే చట్టం 1986లో వచ్చింది. అప్పుడు మన కళ్లకు అశ్లీలం అంటే ఒళ్లు కనబడటం. గుండ్రటి ముఖాల బొమ్మ కనబడితే మాత్రం పిల్లల కార్యక్రమం అనుకుని వంటింట్లోకి పోయేవాళ్లం.

జపాన్ దాకా పోనక్కర్లేదు కూడా. ఛోటా భీమ్ మన హైదరాబాదులో పుట్టినవాడే. రాజీవ్ చిలక నడిపే గ్రీన్ గోల్డ్ సంస్థ తయారుచేసిన ఆ ధారావాహిక 2008లో పోగో ఛానెల్లో మొదలైంది. పెద్ద తల, గుండ్రటి కళ్లు, చిన్న ఒళ్లు అందులోనూ ఉన్నాయి. అందులో చుట్కి అనే పిల్ల ఉంది. బుగ్గలు ఎప్పుడూ ఎర్రగా ఉంటాయి. వాళ్లమ్మ చేసిన లడ్డూలు భీముడికి ఇస్తుంది. అతను లడ్డూ తిని కండలు పెంచి ఊరిని కాపాడతాడు. కథ అంతా ఇంతే అని నేననను, చుట్కి కూడా కొన్నిసార్లు తెగువ చూపిస్తుంది. అయినా మా సాయంత్రం బడి ఆడపిల్లలను "మీలో భీముడెవరు?" అని అడిగితే ఒక్కరూ చెయ్యెత్తలేదు. చుట్కి ఎవరంటే అందరూ ఎత్తారు.

2020 జూన్‌లో ఒక వింత జరిగింది. భీముడికి రాకుమారి ఇందుమతితో పెళ్లయిపోయిందని, చుట్కికి అన్యాయం జరిగిందని సోషల్ మీడియాలో పెద్ద గోల. చుట్కికి న్యాయం కావాలని దేశమంతా వేలమంది సరదాగా రాశారు. చివరికి గ్రీన్ గోల్డ్ వాళ్లే ప్రకటన ఇవ్వాల్సివచ్చింది: భీముడు, చుట్కి, ఇందుమతి ఇంకా పిల్లలే, పెళ్లయిందన్న వార్త నిజం కాదు, పిల్లలను వాళ్ల లోకంలో ఉండనివ్వండి అని. సరదాకే అనుకోండి. కానీ లాక్‌డౌన్‌లో బళ్లు మూతపడి, పదిమందిని పిలవక్కర్లేదు గనక ఖర్చు తక్కువని మా ఊళ్లలో పెళ్లిళ్లు జరిగిపోతున్న రోజులవి. బొమ్మపిల్లలకు పెళ్లి వయసు రాలేదని చెప్పడానికి ఒక కంపెనీ ముందుకొచ్చింది. గోల చేసినవాళ్లలో ఎక్కువమందికి మాత్రం ఎవరు ఎవరిని చేసుకోవాలన్నదే ప్రశ్న, వాళ్లు పిల్లలన్న సంగతే తట్టలేదు. పెళ్లిపత్రిక చేతిలో పట్టుకున్న నాకూ తట్టలేదు కదా.

ఇంతవరకు రాసింది చదివితే నేను ఈ బొమ్మలకు పూర్తిగా వ్యతిరేకిననిపిస్తుంది. శ్రావణమాసం దాకా నేనూ అట్లాగే అనుకున్నాను.

శ్రావణంలో ఉరుకుంద ఈరన్న దగ్గరకు జనం పోటెత్తుతారు. ఆ దారివెంట బాల్యవివాహాల మీద పోస్టర్లు కట్టాలని మా సంస్థలో అనుకున్నాం. మా దగ్గర పనిచేసే ఎమ్మిగనూరు అమ్మాయి, చేనేత కుటుంబం పిల్ల, కంప్యూటర్లో ఒక పోస్టరు తయారుచేసి తెచ్చింది. ఇప్పుడు కంప్యూటరుకు నాలుగు మాటలు చెబితే బొమ్మ దానంతటదే వచ్చేస్తోంది. 2025 మార్చి చివర్లో ఎంతమంది తమ ఫోటోలను జపాన్ జిబ్లీ స్టూడియో బొమ్మల తీరులో మార్చుకుని మురిసిపోయారో మీరూ చూసే ఉంటారు. ఆ అమ్మాయి తెచ్చిన పోస్టర్లో తెల్లటి బుగ్గల చిన్నపిల్ల, పెద్ద కళ్లలో నీళ్లు, చేతిలో పుస్తకం. కింద "పెళ్లి వద్దు, చదువు ముద్దు" అని రాసి ఉంది. కుటుంబ నియంత్రణ గోడరాతల కాలం నుంచీ ఈ ముద్దు, వద్దు ప్రాసలు మనల్ని వదలడం లేదు.

నేను ఒప్పుకోలేదు. పెళ్లిపత్రిక బొమ్మా ఇదీ ఒకటే అన్నాను. ఈ పిల్లను చూస్తే అయ్యో అనిపిస్తుంది, ఎత్తుకోవాలనిపిస్తుంది. ఈ పిల్లకు కూడా ఒక హక్కు ఉందని మాత్రం ఎవరికీ అనిపించదు. జాలిపడేవాడి మనసు మారితే జాలి పోతుంది. హక్కు ఎవరి మనసు మీదా ఆధారపడకూడదు. పైగా కౌతాళం చేలల్లో ఎండకు కమిలిన పిల్ల ఈ బొమ్మలో ఎక్కడుంది?

ఆ అమ్మాయి ఊరుకోలేదు. "అక్కా, కోపం తెచ్చుకోవద్దు. మీరు తొంభైల్లో వేయించిన పోస్టర్లు బీరువాలో ఉండాయి, నేను చూసినా. ఏడ్చే పెళ్లికూతురు, మెడలో ఉరితాడు మాదిరి పసుపుతాడు, వెనకాల నల్లని చేతులు. వాటిని చూస్తే చిన్నపిల్లలు భయపడతారు, పెద్దోళ్లు ముఖం తిప్పుకుంటారు. ఆ పోస్టర్లలో పిల్ల మాత్రం ఏం మాట్లాడింది?"

నేను జవాబు చెప్పలేకపోయాను. ఆ ఉరితాడు ఆలోచన నాదే.

తర్వాత ఆమే నాకు కొన్ని సంగతులు చెప్పింది, కొన్ని నేను వెతుక్కుని చదివాను. జపాన్లో ఈ పెద్ద కళ్ల బొమ్మలకు ఆద్యుడుగా అందరూ చెప్పే ఒసాము తెజుకా తకరజుకా అనే ఊళ్లో పెరిగాడు. అక్కడ ఆడవాళ్లే ఆడ, మగ వేషాలన్నీ వేసే నాటకసమాజం ఉంది. రంగస్థలం మీద వాళ్లు దిద్దుకునే పెద్ద కళ్లు, అమెరికా కార్టూన్లు, రెండూ అతని చేతిలో కలిశాయి. 1953లో అతను మొదలుపెట్టిన కథలో సఫైర్ అనే రాకుమారి మగవేషంలో కత్తి పట్టుకుని రాజ్యం కాపాడుకుంటుంది. అంతకుముందే జునిచి నకహరా అనే చిత్రకారుడు ఆడపిల్లల పత్రికకు పెద్ద కళ్ల అమ్మాయిలను గీసేవాడు. యుద్ధకాలపు సైనిక ప్రభుత్వానికి ఆ సున్నితపు ముఖాలు నచ్చలేదు, 1940లో ఆ బొమ్మలు ఆపేయాల్సివచ్చింది. దేశానికి సైనికులను కని ఇవ్వాల్సిన ఆడపిల్ల కళ్లు పెద్దవి చేసుకుని కలలు కంటూ కూర్చుంటే ఏ సైన్యానికి నచ్చుతుంది?

1970ల్లో జపాన్ బళ్లలో ఆడపిల్లలు ఒక కొత్త చేతిరాత పట్టారు. నిలువుగా, గంభీరంగా రాయాల్సిన అక్షరాలను అడ్డంగా, గుండ్రంగా, మధ్యమధ్య హృదయం గుర్తులు, చిన్న ముఖాలు వేసి రాసేవాళ్లు. ఏ కంపెనీ నేర్పింది కాదు, ఏ టీచరు నేర్పింది కాదు. పెద్దలకు చదవడం కష్టమై కొన్ని బళ్లలో ఆ రాతను నిషేధించారు. (మన తెలుగక్షరాలు పుట్టుకతోనే గుండ్రం. ఆ లెక్కన మనం వేయేళ్లనుంచీ ముద్దుగానే రాస్తున్నాం, ఎవరూ పట్టించుకోలేదు.) అదే కాలంలో మోతో హగియో, కేకో తకెమియా, రియోకో ఇకెదా లాంటి స్త్రీలు ఆడపిల్లల బొమ్మల కథలను మగ చిత్రకారుల చేతుల్లోంచి తీసుకున్నారు. ఇకెదా 1972లో మొదలుపెట్టిన కథ ఫ్రెంచి విప్లవం మీద. నాయిక ఆస్కార్‌ను కొడుకులా పెంచుతారు, రాణిగారి రక్షకదళంలో సైనికాధికారి అవుతుంది, చివరికి జనం వైపు నిలబడుతుంది. ఆమె కళ్లూ ముఖంలో సగమే! ఆ కళ్లతోనే లక్షలమంది ఆడపిల్లలు విప్లవం గురించి చదివారు.

మరి ఆ గుండ్రటి చేతిరాతకు ఏమైంది? వ్యాపారం పట్టేసుకుంది. 1974లో సాన్రియో కంపెనీ హలో కిట్టీ బొమ్మను తయారుచేసింది. గీసింది యూకో షిమిజు అనే స్త్రీయే. ఆ పిల్లిపిల్లకు నోరు లేదు. చూసేవాళ్ల మనసులో ఏముంటే అదే ఆమె ముఖంలో కనబడాలని నోరు పెట్టలేదట. ఇది చదివినప్పుడు నాకు పెళ్లిచూపులు గుర్తొచ్చాయి. చాపమీద తలొంచుకుని కూర్చున్న పిల్ల ముఖంలో కూడా చూడవచ్చినవాళ్లు తమకు కావలసిందే చదువుకుంటారు, అణకువ అని, ఒప్పుకోలు అని. ఆమె నోరు తెరిస్తే ఆ చదువు చెడిపోతుంది.

మన దగ్గర కూడా ఈ కథ లేకపోలేదు. బాపు గీసిన బుడుగూ సీగానపెసూనాంబా పెద్ద తలల బుడతలే, వాళ్లను చూసి నవ్వుకుంటూ పెరిగినదాన్నే నేను. అదే బాపు చేతి ఆడవాళ్ల బొమ్మ మాత్రం కొలబద్ద అయి కూర్చుంది. పెళ్లిసంబంధాల్లో "బాపుబొమ్మలా ఉంది" అన్న మాట ఎంతమంది ఆడపిల్లలను తూకం వేసిందో! చిత్రకారుడి తప్పు అనను. బొమ్మ కాగితం దాటి వచ్చి మనిషిని కొలవడం మొదలుపెట్టినప్పుడే చిక్కు.

కొలవడం కంటే దారుణమైన చిక్కు ఇంకొకటుంది, త్వరగా చెప్పి ముందుకు పోతాను. పసిముఖం పెట్టి స్త్రీని, స్త్రీ ఒళ్లు పెట్టి పసిపిల్లను గీసి అమ్ముకునే బూతుబొమ్మల వ్యాపారం జపాన్లో పెద్దది. పిల్లల అశ్లీల చిత్రాలు దగ్గర ఉంచుకోవడాన్నే నేరం చేస్తూ 2014లో అక్కడ చట్టం తెచ్చినప్పుడు బొమ్మల కథలను, కార్టూన్లను దానినుంచి మినహాయించారు. మన దగ్గర 2019లో పోక్సో చట్టానికి చేసిన సవరణ కంప్యూటరుతో తయారుచేసిన, పిల్లలుగా కనబడే చిత్రాలను కూడా నిర్వచనంలోకి తెచ్చింది. ఫోనులున్న ప్రతి సుగ్గి డేరాకూ ఇది సంబంధించిన విషయమే. మన శిక్షణల్లో ఈ సవరణ గురించి చెప్పడం నేను ఎక్కువగా వినలేదు.

మళ్లీ పోస్టరు దగ్గరకు వస్తాను. మా వాదన తెగలేదు. చివరికి ఆ ఎమ్మిగనూరు అమ్మాయే, "మనం కొట్టుకోవడం దేనికి, పిల్లలనే గీయమందాం" అంది. సాయంత్రం బడిలో రంగు పెన్సిళ్లు, చార్టులు పంచాం. "చదువుకోవాల్సిన పిల్లకు పెళ్లి చేస్తాండారు, ఆ పిల్లను గీయండి" అన్నాం, అంతే.

అందరూ పెద్ద కళ్లే గీశారు. నేను లోపల ఓడిపోయాననుకున్నాను. పెళ్లి ఆగిన అమ్మాయి కూడా వచ్చింది ఆ రోజు, ఆమె కూడా పెద్ద కళ్లే. ఆమెను అడిగాను, నీ పెళ్లిపత్రిక మీది బొమ్మ నీకు నచ్చిందా అని. "నచ్చిందక్కా. అందులో నేను నల్లగ లేను కదా. మా యమ్మ కూడా చూసి నవ్వింది" అంది. పెళ్లి ఆపినందుకు ఆమెకు నామీద కోపం ఉందో లేదో ఇప్పటికీ నాకు సరిగా తెలియదు. కానీ ఆ బొమ్మ పోయిందని బాధ ఉంది. తన ముఖాన్ని అందంగా ఉందని ఎవరూ అనని పిల్లకు జీవితంలో మొదటిసారి ఎవరో బొమ్మ గీసిచ్చారు, డబ్బులు తీసుకునైనా సరే. ఆ సంతోషాన్ని పితృస్వామ్యం అని కొట్టిపారేసే హక్కు నాకుందా?

తర్వాత చార్టులు వరసగా గోడకు అతికించి చూశాం. అప్పుడు కనబడ్డాయి చేతులు. కళ్లు టీవీలోంచి వచ్చినవే గానీ చేతులు టీవీలోంచి రాలేదు. చాలా బొమ్మల్లో చేతులు తలకాయంత పెద్దవి. ఒకదానిలో అయిదు వేళ్లూ విడివిడిగా, గోళ్లతో సహా, వేళ్ల కొసలకు ఎర్రరంగు. గోరింటాకా అంటే కాదంది, మిరపకాయల మంట అంది. రోజంతా మిరపకాయలు కోసిన చేతులు రాత్రి నీళ్లలో పెట్టినా మండుతూనే ఉంటాయి. ఇంకొకదానిలో వేళ్లనిండా చుక్కలు, పత్తికాయ మొనలు గుచ్చుకున్నవి. ఒక పిల్ల పెళ్లికూతురి చేతిలో పువ్వు పెట్టింది. పూలచెండు అనుకున్నాను. అది పత్తిపువ్వు.

సీడు పత్తి చేలల్లో క్రాసింగ్ పని తెలిసినవాళ్లకు దాని అర్థం తెలుస్తుంది. సాయంత్రం మొగ్గ విప్పి లోపలి కేసరాలు తీసేయాలి, మర్నాడు పొద్దున మగపువ్వు తెచ్చి దానికి రుద్దాలి. ఒక్కో పువ్వూ చేత్తోనే. కర్నూలు జిల్లాలో ఈ పనికి ఏళ్ల తరబడి ఆడపిల్లలనే పెట్టుకున్నారు. ఎందుకంటే వాళ్ల వేళ్లు చిన్నవి, మొగ్గ చెడదు, కూలి తక్కువ, ఎదురు మాట్లాడరు. సంస్థలు, బడి కార్యక్రమాలు గట్టిగా పట్టుకున్నాక ఈ పని కొంత తగ్గింది. ఇప్పటికీ పోలేదు.

చిబి బొమ్మలో వేళ్లుండవని మొదట్లోనే చెప్పాను. బొమ్మను ముద్దుగా చేయడానికి గీసేవాళ్లు తీసేసేది చేతులనే, పనిని చూపించే భాగాన్నే. మా పిల్లలు కళ్లు తెచ్చుకుని చేతులు తిరిగి పెట్టుకున్నారు. ఎవరూ చెప్పలేదు వాళ్లకు. పెద్దది చేసి గీయడం తప్పనుకున్నాను ఇన్నాళ్లూ. దేన్ని పెద్దది చేస్తున్నాం, ఎవరి చెయ్యి గీస్తోంది అన్నది అడగలేదు.

ఇది మనకు ముందే తెలిసి ఉండాల్సింది కూడా. పాతవాళ్లకు మీనా గుర్తుండే ఉంటుంది. తొంభైల్లో యూనిసెఫ్ దక్షిణాసియా దేశాల కోసం తయారుచేయించిన బొమ్మల పిల్ల, ఎర్ర గాగ్రా, భుజం మీద మిట్టూ చిలుక, తమ్ముడు రాజు. మీనా ఎట్లా ఉండాలో, ఏం బట్టలు వేసుకోవాలో ఒక ఆఫీసులో తేల్చలేదు. ఈ దేశాల పిల్లలకు, తల్లులకు బొమ్మలు చూపించి, అడిగి, మార్చి మార్చి గీశారు. మీనాకు కూడా కళ్లు పెద్దవే. కానీ ఆ పిల్ల అడుగుతుంది. మామిడిపండు తమ్ముడికి పెద్ద ముక్క ఎందుకు, నాకు చిన్న ముక్క ఎందుకు అని అడుగుతుంది. బడికి ఎందుకు పోకూడదని అడుగుతుంది. చిన్నవయసు పెళ్లి మీద కూడా ఒక కథ ఉంది. మీనాను గీసినవారిలో ముఖ్యుడు బొంబాయి చిత్రకారుడు రామ్ మోహన్. జపాన్ దర్శకుడు యుగో సాకోతో కలిసి 1992 నాటి బొమ్మల రామాయణానికి పనిచేసింది కూడా ఆయనే. ఆ రామాయణాన్ని 2025 జనవరిలో తెలుగు మాటలతో మన థియేటర్లలో వేశారు. అంటే ఆ జపాన్ చెయ్యీ ఈ మీనా చెయ్యీ ఒకసారి కలిసినవే. "రైలుబడి" చదివి కన్నీళ్లు పెట్టుకున్న మనకు అందులో చిహిరో ఇవాసాకి వేసిన బొమ్మలు కూడా గుర్తుండాలి. అవీ పసిముఖాలే, నీటిరంగుల్లో కరిగిపోయే బుగ్గలే. అయినా ఆ పిల్లలు ఏదో ఆలోచిస్తున్నట్టు ఉంటారు. చూసేవాళ్ల లాలింపు కోసం ఎదురుచూడరు.

కాబట్టి మన సంస్థలవాళ్లతో కొన్ని మాటలు. పోస్టర్లు, ఫ్లిప్‌చార్టులు హైదరాబాదులోనో ఢిల్లీలోనో గీయించి మండలాలకు పంపే పద్ధతి మానుకుందాం, కనీసం తగ్గించుకుందాం. కంప్యూటరు చేత గీయించినా సరే, ప్రింటుకు పంపేముందు ఆ బొమ్మ ఎవరి గురించో వాళ్లకు చూపిద్దాం. నిధులిచ్చేవాళ్లు "ఆకర్షణీయంగా" ఉండాలంటారు, గడువు రేపే అంటారు. నాకు తెలుసు. పదిమంది పిల్లలను కూర్చోబెట్టి గీయించడానికి మాకు రెండు సాయంత్రాలు పట్టింది, అంతే.

రెండో మాట పెళ్లిపత్రికల గురించి. రాజస్థాన్లో అక్షయ తృతీయకు ముందు పత్రికల మీద వధూవరుల పుట్టిన తేదీలు వేయాలని అధికారులు ప్రెస్సులకు ఆదేశాలివ్వడం ఉంది. మనం కూడా కలెక్టర్లను ఇది అడగాలి. ఫోనులో చేసుకునే పత్రికలకు ఆ ఆదేశం అందదు, నిజమే. అయినా మా వైపు ఫోను పత్రికలు కూడా ఎక్కువగా ఏ ఫ్లెక్సీ షాపు కుర్రవాడో చేసిచ్చేవే. ఆదోనిలో నేను మాట్లాడిన అబ్బాయిని అడిగాను, పుట్టిన తేదీ చెప్పకపోతే బొమ్మ వేయనని అనగలవా అని. "నేను వేయకుంటే పక్క షాపులో వేస్తారు మేడం" అన్నాడు. "పక్క షాపువాళ్లను కూడా అడిగితే?" అన్నాను. ఆలోచించి చెబుతానన్నాడు. ఆ వీధి షాపులవాళ్లందరినీ ఒకచోట కూర్చోబెట్టే ప్రయత్నంలో ఉన్నాం. వచ్చే మాఘమాసపు ముహూర్తాలలోపు అది జరగాలి.

ఉరుకుంద దారిలో ఈసారికి పోస్టర్లు కట్టలేకపోయాం, వాదనల్లోనే శ్రావణం దాటిపోయింది. దానికి నా మొండితనం కూడా కారణం. పిల్లల బొమ్మలను తర్వాత ఊళ్లో బడి పక్క గోడ మీద పెద్దవి చేసి వేయించాం. గోడ ఇచ్చిన ముసలవ్వ చూసి, "ఇన్ని చేతులు దేనికమ్మా, తల్లి మాదిరి ఉండాది" అని దండం పెట్టింది. పెళ్లికూతురి నోరు మూసి ఉండాలా తెరిచి ఉండాలా అని పిల్లలు ఒక పూటంతా పోట్లాడుకున్నారు. తెరిచే వేశారు. పళ్లు కూడా గీశారు, కాస్త భయంగానే ఉంటుంది చూడటానికి.

గోడ చివర ఒక చేతికి ఇంకా మూడు వేళ్లే ఉన్నాయి. దాన్ని గీస్తున్న పిల్ల దీపావళి తర్వాత వాళ్లవాళ్లతో లారీ ఎక్కింది. పెళ్లి ఆగిన అమ్మాయి ఈ ఏడు పోలేదు, అవ్వ దగ్గర ఉండి బడికి పోతోంది, ఇప్పటికైతే. మిగతా రెండు వేళ్లూ తను గీస్తానంటే, పోయిన పిల్ల ఒప్పుకోలేదట. ఉగాదికి వచ్చి తనే గీస్తానని చెప్పి పోయిందట. రంగు డబ్బా మూత బిగించి బీరువాలో పెట్టాం.